అన్నీ ఒకే కేబుల్ మీద పెడితే?

పడవల ఎలక్ట్రానిక్స్ అమ్మే ప్రతి బ్రోషర్‌లోనూ దాదాపు ఒకే బొమ్మ కనిపిస్తుంది. మధ్యలో ఒక నల్లటి కేబుల్, దానికి గుత్తిగా వేలాడే జీపీఎస్, గాలి సెన్సర్, లోతు చెప్పే ట్రాన్స్‌డ్యూసర్, చుక్కాని తనే పట్టే ఆటోపైలట్, చుట్టుపక్కల ఓడల స్థానం తెలిపే ఏఐఎస్, ఆపదలో పిలిచే వీహెచ్‌ఎఫ్ రేడియో, ఇంజను, బ్యాటరీ, చివరికి నీళ్ళ ట్యాంకు కూడా. కింద ఒక మాట: ప్లగ్ చేయండి, పనైపోతుంది. వైరింగ్ చేసేవాళ్ళలో చాలామంది సలహా కూడా అదే. పాత తీగలన్నీ పీకేసి, పరికరాలన్నీ ఒకే కేబుల్ మీద మాట్లాడుకునే ఎన్‌ఎంఈఏ 2000 పద్ధతి వేయించుకోండి, ఇక దాని ముఖం చూడక్కర్లేదు అంటారు.

ఈ సలహాలో సగం నిజం ఉంది. నా పేచీ మిగతా సగంతో. పరికరాల్ని కలపడం తప్పని నేననను. ఏది ఆగితే దానితోపాటు ఇంకేవి ఆగిపోతాయో లెక్క చూసుకోకుండా కలపడం తప్పు. నాలుగు విషయాల్లో మాత్రం ఈ లెక్క కచ్చితంగా తేలాలి: లోతు, రేడియోకి అందే స్థానం, ఆటోపైలట్‌కి అందే హెడింగ్ (పడవ ముక్కు చూసే దిశ), ఏఐఎస్. సముద్రపటం మీద మన స్థానం చూపే చార్ట్ ప్లాటర్ తెర నల్లబడిపోయినా ఈ నాలుగూ పనిచేస్తూ ఉండాలి. లేకపోతే ఆ వైరింగ్ ఎంత ముచ్చటగా ఉన్నా నేను దానికి మంచి మార్కులు వేయను.

ఉదాహరణకి 1990ల నాటి 36 అడుగుల తెరచాప పడవ తీసుకుందాం. హ్యూస్టన్ దగ్గరో, శాన్‌ఫ్రాన్సిస్కో బేలోనో మనవాళ్ళెవరైనా సెకండ్‌హ్యాండ్‌లో కొనబోతే ఎదురయ్యేది ఇలాంటిదే. కొత్త పడవలో అంతా ఒకే కంపెనీ సామాను కాబట్టి చిక్కు తక్కువ. పాతదాంట్లో మూడు తరాలు ఒకే కప్పు కింద కాపురముంటాయి. లోతు, వేగం చూపే సీటాక్ (ఒక కంపెనీ సొంత డేటా పద్ధతి) కాలపు డయల్స్ ఒక తరం, ఎన్‌ఎంఈఏ 0183 అనే పాత రెండు తీగల పద్ధతిలో మాట్లాడే రేడియో ఇంకో తరం, నిన్నగాక మొన్న కొన్న ప్లాటర్ మూడోది. హుసేన్ సాగర్‌లో లేజర్ పడవ నడిపేవాళ్ళు అదృష్టవంతులు. వాళ్ళకి గాలి ఎటుందో చెప్పే చిన్న పుల్ల ఉంటే చాలు, ఈ తంటా ఏదీ లేదు.

పాత రెండు తీగలకి ఇంకా కాలం చెల్లలేదు

0183లో ఒకడు మాట్లాడతాడు, మిగతావాళ్ళు వింటారు. ఇద్దరు మాట్లాడేవాళ్ళని ఒకే తీగకి కడితే ఎవరి మాటా అర్థం కాదు, ఆ మాటల్ని ఒకే వరసలో పెట్టే మల్టీప్లెక్సర్ మధ్యలో ఉండాల్సిందే. వేగం 4800 బాడ్ (సెకనుకి 4800 బిట్లు, ఒక్కో అక్షరానికి పది). అంటే సెకనుకి 480 అక్షరాలు. ఒక వాక్యం గరిష్ఠంగా 82 అక్షరాలు కాబట్టి నిండు వాక్యాలైతే సెకనుకి ఆరు కూడా పట్టవు. స్థానం, లోతు, గాలి పంపడానికి ఇది సరిపోతుంది. ఏఐఎస్‌కి చాలదు. అందుకే ఏఐఎస్ పోర్టులు 38400లో మాట్లాడతాయి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. ఏఐఎస్‌నీ జీపీఎస్‌నీ మల్టీప్లెక్సర్‌లో కలిపి, బయటికెళ్ళే పోర్టుని 4800 దగ్గరే వదిలేస్తారు. ఊరి రేవులో పరీక్షిస్తే అంతా బాగానే ఉంటుంది. ఒక ఏఐఎస్ వాక్యం సుమారు 48 అక్షరాలనుకుంటే, ఆ తీగ మీద సెకనుకి పదికి మించి పోవు, అదీ ఇంకేమీ పంపకపోతే. 14 నాట్లు దాటి నడిచే పెద్ద ఓడ ఆరు సెకన్లకోసారి తన స్థానం చెబుతుంది, మలుపు తిరుగుతుంటే రెండు సెకన్లకోసారి. సింగపూర్ జలసంధి లాంటి చోట వందల ఓడలు ఒకేసారి మాట్లాడుతుంటే మల్టీప్లెక్సర్ బఫర్ నిండిపోతుంది. అప్పుడు మన స్థానం కూడా ఆ వరుసలో నిలబడి ఆలస్యంగా వస్తుంది, లేదా మధ్యలో రాలిపోతుంది. అంటే రద్దీ ఎక్కువై మనకి అవసరం పెరిగినప్పుడే ఈ లోపం బయటపడుతుంది.

తీగలు కలిపేటప్పుడు రంగుల్ని నమ్మొద్దు. ఒక కంపెనీకి పంపే తీగ అయిన రంగు ఇంకో కంపెనీకి వినే తీగ అవుతుంది. మాన్యువల్‌లో పిన్నుల పట్టిక చూసి, పంపేవాడి ప్లస్‌ని వినేవాడి ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి కలపాలి. ఏ, బీ అని మాత్రమే రాసి ఉంటే ఏది ప్లస్ అన్నదానిలో కంపెనీకో మాట. తారుమారైతే ఏమీ కాలిపోదు. డేటా రాదు, లేదా చెత్త అక్షరాలు వస్తాయి. రెండూ మార్చి చూడండి. పంపేవాడికి ఒకటే సిగ్నల్ తీగ, గ్రౌండు ఉంటే, వినేవాడి మైనస్‌ని ఆ గ్రౌండుకి కలపాలి.

సీటాక్ మొదటి తరం విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. దానికి ఎరుపు, పసుపు, షీల్డు అని మూడే తీగలు. వేగం అదే 4800. రెండూ 4800 కదా అని పసుపు తీగని 0183 పోర్టుకి తగిలించేవాళ్ళున్నారు. సీటాక్‌లో డేటా బిట్లు తొమ్మిది, 0183లో ఎనిమిది. వేగం ఒకటే అయినా భాష వేరు, మధ్యలో కన్వర్టర్ లేకుండా కుదరదు.

ఇంత చాదస్తం ఉన్న పాత పద్ధతిని ఎందుకు వెనకేసుకొస్తున్నానంటే, దీనికి ఒక గొప్ప గుణం ఉంది. రెండు తీగలు రెండు పరికరాల మధ్యే ఉంటాయి. మూడోవాడి రోగం వీళ్ళకి అంటదు.

60 ఓములు

2000కి కూడా న్యాయం చేయాలి. అది క్యాన్ బస్సు (పరికరాలన్నీ పంచుకునే డేటా తీగ), అంటే కార్లలో, లారీల్లో ఏళ్ళ తరబడి నలిగిన టెక్నాలజీ. వేగం సెకనుకి 250 కిలోబిట్లు. దీంట్లో యజమాని కంప్యూటర్ అంటూ ఉండదు. ప్లాటర్ చచ్చిపోయినా గాలి సెన్సర్, దాని డిస్‌ప్లే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. కాబట్టి బస్సు వేయగానే అన్నీ ప్లాటర్ మీద ఆధారపడిపోతాయన్నది నిజం కాదు. అవి ఆధారపడేది ఆ కేబుల్ మీద, దానికి కరెంటిచ్చే ఒక్క ఫ్యూజు మీద.

వేసేటప్పుడు పాటించాల్సినవి కొన్నే, కానీ వాటిలో దేన్నీ సడలించలేం. బ్యాక్‌బోన్, అంటే ఆ ప్రధాన కేబుల్, ఒక గీతలా సాగాలి. చుట్టు తిరిగి కలవకూడదు, నక్షత్రంలా చీలకూడదు. రెండు కొసల్లో చెరో 120 ఓముల టర్మినేటర్ (కొసని మూసే నిరోధకం). బ్యాక్‌బోన్ నుంచి పరికరానికి వెళ్ళే ఒక్కో డ్రాప్ కేబుల్ 6 మీటర్లు దాటకూడదు, అన్నీ కలిపి 78 మీటర్లు. సన్న కేబుల్ అయితే బ్యాక్‌బోన్ 100 మీటర్ల దాకా పోవచ్చు, 36 అడుగుల పడవకి ఆ హద్దు గురించి బెంగ లేదు. కేబుల్ లోపల ఎరుపు, నలుపు కరెంటు తీగలు, తెలుపు, నీలం డేటా తీగలు, పైన షీల్డు. షీల్డుని ఒక్క చోటే, పవర్ టీ (కేబుల్‌కి కరెంటిచ్చే టీ ఆకారపు కనెక్టర్) దగ్గరే గ్రౌండు చేయాలి.

కేబుల్ వేశాక కరెంటు ఆపి, తెలుపు నీలం తీగల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక టర్మినేటర్ లేదు, లేదా బ్యాక్‌బోన్ మధ్యలో తెగింది. 40 వస్తే ఎవరో మూడోది తగిలించారు. సున్నాకి దగ్గరగా ఉంటే ఎక్కడో షార్ట్. సగం సగం విడదీసుకుంటూ వెళ్తే ఐదు నిమిషాల్లో చోటు దొరుకుతుంది. ఒక్క టర్మినేటర్‌తోనూ చిన్న పడవలో నెట్‌వర్క్ చాలాసార్లు నడిచేస్తుంది, అదే దీనితో ఇబ్బంది. ఇంకో రెండు పరికరాలు తగిలించిన రోజున అప్పుడప్పుడూ డేటా మాయమవడం మొదలవుతుంది. నింద కొత్త పరికరం మీద పడుతుంది.

మాస్ట్ (తెరచాప స్తంభం) దగ్గర అసలు తమాషా. గాలి సెన్సర్ మాస్ట్ కొసన, 16, 18 మీటర్ల ఎత్తులో ఉంటుంది. డ్రాప్ కేబుల్ 6 మీటర్లే కాబట్టి బ్యాక్‌బోన్‌నే మాస్ట్ పైకి ఎక్కించి, కొసన ఇన్‌లైన్ టర్మినేటర్ పెడతారు. చలికాలానికి మాస్ట్ దించి పక్కన పెడితే టర్మినేటర్ కూడా దాంతో వెళ్ళిపోతుంది. మాస్ట్ మొదట్లో ఉన్న కనెక్టర్‌కి బిగించడానికి ఒక టర్మినేటర్ అక్కడే తాడుతో కట్టి ఉంచితే మంచిది. ఆ కనెక్టరే పడవలో అన్నిటికంటే ఎక్కువ తడిసేది. మాస్ట్ లోపల కారే వాన నీరు నేరుగా దాని మీదికే వస్తుంది. కేబుల్‌ని కనెక్టర్ కంటే కిందికి ఒక వంపు దింపి పైకి తెస్తే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఖాళీ టీలకి మూతలు బిగించాలి. ఒక్క టీలో ఉప్పునీళ్ళు చేరి తెలుపు, నీలం తీగలు కలిసిపోతే మొత్తం బస్సు మూగబోతుంది. రెండు తీగల పద్ధతిలో ఇది జరగదు.

కరెంటు సంగతి. బస్సు మీది పరికరాలకి 9 నుంచి 16 వోల్టులు అందాలి. ప్రతి పరికరం మీదా ఎల్‌ఈఎన్ అని ఒక అంకె ఉంటుంది, ఒక్కో యూనిట్ 50 మిల్లీ ఆంపియర్లు. వాటిని కూడితే లోడ్ తేలుతుంది. సన్న కేబుల్‌లో కరెంటు తీగ నిరోధం మీటరుకి సుమారు 0.057 ఓములు, రానూపోనూ లెక్కేస్తే దానికి రెట్టింపు. 20 మీటర్ల చివర ఒక ఆంపియర్ లాగితే 2.3 వోల్టులు దారిలోనే పోతాయి. బ్యాటరీ 12.2 దగ్గరుంటే కొసన 9.9 మిగులుతుంది. అదే బ్యాటరీతో ఇంజను స్టార్ట్ చేస్తే ఒక్క క్షణం 9 కిందికి జారి, పరికరాలన్నీ ఆగి మళ్ళీ మొదలవుతాయి. రేవులోకి వస్తూ తెరచాప దించి ఇంజను వేసేది సరిగ్గా లోతు చూడాల్సిన సమయంలోనే. స్టార్టింగ్ బ్యాటరీ వేరు, ఎలక్ట్రానిక్స్ బ్యాటరీ వేరుగా ఉండాలని అందరూ చెప్పేది ఇందుకే. ప్లాటర్ తెరకి కరెంటు బస్సు మీంచి కాకుండా దాని సొంత బ్రేకర్ నుంచి ఇవ్వాలి.

మూడు గాలులు, రెండు లోతులు

తీగలు సరిగ్గా ఉన్నా అంకెలు తప్పు రావచ్చు. దీనికి బ్రోషర్లలో చోటుండదు.

లోతు తీసుకోండి. ట్రాన్స్‌డ్యూసర్ నీటిమట్టానికి అర మీటరు కింద ఉంది, కీల్ (పడవ కింది బరువైన రెక్క) అడుగు 1.8 మీటర్లు. కీల్ కింద ఎంత నీరుందో చూపాలంటే 1.3 తీసేయాలి. ఈ తీసివేత సెన్సర్‌లోనూ పెట్టొచ్చు, డిస్‌ప్లేలోనూ పెట్టొచ్చు. రెండు చోట్లా పెడితే కీల్ కింద 1.2 మీటర్ల నీరున్నా తెర మీద మైనస్ 0.1 కనిపిస్తుంది. అది భయపెట్టే తప్పు కాబట్టి కాస్త నయం. నీటిమట్టం నుంచి లోతు చూపమని ఎవరో పాత యజమాని అర మీటరు కలిపి ఉంచితే, మీరు దాన్ని కీల్ కింది నీరు అనుకుంటే, 1.9 మీటర్ల లోతులో కీల్ కింద 10 సెంటీమీటర్లే ఉన్నా ధీమాగా ముందుకెళ్తారు. 0183లో డీబీటీ వాక్యం ట్రాన్స్‌డ్యూసర్ కింది లోతు మాత్రమే చెబుతుంది, డీపీటీ వాక్యంలో సవరణ కూడా ఉంటుంది. కన్వర్టర్ ఏది పంపుతోందో చూడాలి. అన్నిటికంటే నిక్కచ్చి పరికరం దారానికి కట్టిన సీసం గుండు. రేవులో పడవ పక్కన దించి కొలిచి, తెర మీది అంకెతో పోల్చండి.

గాలి ఇంకా చిక్కు. సెన్సర్ కొలిచేది పడవ మీదికి తగిలే గాలి. నిజ గాలిని ఎవరో ఒకరు లెక్కగట్టాలి. ఆ లెక్కకి పడవ వేగం కావాలి. ప్లాటర్ జీపీఎస్ వేగంతో లెక్క వేస్తుంది, గాలి డిస్‌ప్లే నీటిలో తిరిగే చక్రం వేగంతో వేస్తుంది, ఆటోపైలట్ తన లెక్క తను వేస్తుంది. ముగ్గురూ అదే బస్సు మీదికి చెబితే తెర మీది ముల్లు ఒక దాన్నుంచి ఇంకోదానికి దూకుతూ ఉంటుంది. నెట్‌వర్క్ మెనూలో డేటా సోర్స్ దగ్గర ఒకర్నే ఎంచి, మిగతావాళ్ళ చేత ఆ ప్రసారం మాన్పించాలి.

దీని పర్యవసానం అంకెల్లో చూడండి. నిజ గాలి 15 నాట్లు, పడవ 6 నాట్లతో గాలికి 160 డిగ్రీల కోణంలో పోతోంది. ఆటోపైలట్‌ని నిజ గాలి మోడ్‌లో 160 పట్టుకోమన్నారు. వేగం చూపే చక్రానికి నాచు పట్టి ఆగిపోయింది. పడవ వేగం సున్నా అనుకుంటే తగిలే గాలే నిజ గాలి అయిపోతుంది, అది 148 డిగ్రీలు. 160 రావాలని ఆటోపైలట్ పడవని ఇంకా గాలివాటుకి తిప్పుతుంది. అది 160 అనుకుని స్థిరపడేసరికి అసలు కోణం 168. ఇంకో 12 డిగ్రీల్లో గాలి సరిగ్గా వెనక్కి వచ్చేస్తుంది. వెనకనుంచి వచ్చే ఒక్క అల ఆ 12 డిగ్రీలు తిప్పేయగలదు, తెరచాప దూలం ఇటునుంచి అటు విసురుగా వచ్చిపడుతుంది. తీగల్లో ఏ లోపమూ లేదు, 60 ఓములు 60 లాగే ఉన్నాయి. కారణం గోరంత నాచు.

మూడో జబ్బు చక్రబంధం. ప్లాటర్ తన స్థానాన్ని 0183లో బయటికి పంపుతుంది. అది మల్టీప్లెక్సర్‌లో దూరి, 0183ని 2000లోకి మార్చే గేట్‌వే గుండా మళ్ళీ 2000 బస్సు మీదికే వస్తుంది. ఇప్పుడు ప్లాటర్‌కి రెండు జీపీఎస్‌లు కనిపిస్తాయి, రెండోది తన ప్రతిధ్వనే. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, దీన్ని కనిపెట్టడం కష్టం. అసలు జీపీఎస్ పోయాక పాత స్థానం కాసేపు ఆ చుట్టులోనే తిరిగే ప్రమాదం కూడా ఉంది. గేట్‌వేలో ఫిల్టర్ ఉంటుంది. 0183 నుంచి బస్సు మీదికి బస్సులో లేని వాక్యాలు మాత్రమే పోనివ్వాలి, ఉదాహరణకి పాత గాలి సెన్సర్ ఇచ్చే ఎండబ్ల్యూవీ (గాలి వాక్యం) ఒక్కటే. మిగతావన్నీ ఆపేయాలి.

రేడియోకి వేరే దారి

వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఎర్ర బటన్ నొక్కితే 70వ ఛానల్ మీద పడవ గుర్తింపు సంఖ్య, స్థానం కలిసి వెళ్తాయి. భారతదేశంలో నమోదైన పడవల సంఖ్య 419తో మొదలవుతుంది. స్థానం అందకపోతే ఆపదలో ఉన్నామన్న సంగతి తెలుస్తుంది, ఎక్కడున్నామో తెలియదు. స్థానం రావడం ఆగిపోయాక రేడియో పాత అంకెల్నే పట్టుకుని ఉంటుంది, 23.5 గంటలు దాటితే చెరిపేస్తుంది. ఈ లోపల నొక్కితే పాత చోటు వెళ్తుంది.

నీళ్ళు లోపలికొచ్చినప్పుడు మొదట పోయేది కింద అమర్చిన వైరింగే. అలాంటి సమయంలో రేడియో స్థానం కోసం ప్లాటర్ వైపు చూడటం నాకు నచ్చదు. ఇప్పుడు సొంత జీపీఎస్ ఉన్న రేడియోలు వస్తున్నాయి, కొత్తది కొంటే అదే కొనండి. పాత రేడియో ఉంటే ఇంకో ఉపాయం. చిన్న పడవలకి పెట్టే క్లాస్ బీ ఏఐఎస్ పెట్టెకి నిబంధన ప్రకారమే సొంత జీపీఎస్ ఉంటుంది. దాని 0183 తీగల్ని నేరుగా రేడియోకి కలిపితే, ఈ రెండూ కరెంటు ఉన్నంతసేపూ ఎవరితో సంబంధం లేకుండా బతుకుతాయి. ఒక్క చూపు వేగం మీద వేయాలి. ఏఐఎస్ 38400లో మాట్లాడుతూ రేడియో 4800లోనే వింటే పని జరగదు, రేడియో మెనూలో 38400 ఉందో లేదో ముందే చూడండి. కలిపాక రేడియో తెర మీద అక్షాంశ రేఖాంశాలు కనబడుతున్నాయా, గడియారం కదులుతోందా చూడటం మరవొద్దు.

లోతు విషయమూ ఇంతే. ట్రాన్స్‌డ్యూసర్ తీగ నేరుగా ప్లాటర్ వీపులోకి వెళ్తే, ప్లాటర్‌తోపాటే లోతూ పోతుంది. బస్సు మీద సొంతంగా మాట్లాడే ట్రాన్స్‌డ్యూసర్ మేలు. పాత సీటాక్ లోతు డయల్ పనిచేస్తుంటే దాన్ని అసలు పీకొద్దు. చూడటానికి ముసలిదైనా ఎవరి దయా అక్కర్లేకుండా నిలబడుతుంది.

ఆటోపైలట్‌కి నా సలహా కాస్త వింతగా అనిపించొచ్చు. దాని కంప్యూటర్, దిక్సూచి, బటన్ల పలక, ఈ మూడింటినీ బ్యాక్‌బోన్‌కి ఒకే కొసన వరసగా పెట్టండి. పవర్ టీ కూడా ఆ వైపే. మిగతా బస్సు మూగబోయిన రాత్రి ఆ మూడింటి తర్వాత కనెక్టర్ విప్పి టర్మినేటర్ బిగిస్తే, ఆటోపైలట్ చిన్న సొంత నెట్‌వర్క్‌తో చుక్కాని పడుతుంది. పవర్ టీ సరిగ్గా మధ్యలో ఉండాలని పుస్తకాలు చెబుతాయి. మొత్తం లోడ్ అర ఆంపియర్ దాటని పడవలో ఆ పట్టుదల అక్కర్లేదు. 30 మీటర్ల ఆ చివర మొత్తం లోడ్ ఉందనుకున్నా పోయేది 1.7 వోల్టులే. దిక్సూచిని మాత్రం స్పీకర్లకి, బ్యాటరీ తీగలకి మీటరు దూరంలో ఉంచండి.

రాస్ప్‌బెర్రీ పై మోజు

సిగ్నల్ కే అనే ఓపెన్ సోర్స్ సర్వర్‌ని రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ మీద నడిపి, పడవ డేటా అంతా ఫోన్‌లో చూసుకోవడం ఇప్పుడు బాగా నడుస్తోంది. నాకూ ఇష్టమైన పనే. ప్రమాణాల పుస్తకాన్ని డబ్బు పెట్టి కొనాల్సిన 2000ని, దాని సందేశాల్ని ఒక్కొక్కటిగా విప్పి అందరికీ ఉచితంగా పెట్టిన ఔత్సాహికుల శ్రమ చిన్నది కాదు.

కానీ దాన్ని చెట్టుకి ఆకులా ఉంచాలి, కొమ్మలా కాదు. అది వినాలి, రాసుకోవాలి, చూపించాలి. ఆటోపైలట్‌కి హెడింగ్ దాని గుండా వెళ్ళకూడదు. కరెంటు ఒక్కసారిగా పోతే ఎస్‌డీ కార్డు పాడవుతుంది, మళ్ళీ లేవదు. పడవల్లో కరెంటు పోయేది ఎప్పుడూ ఒక్కసారిగానే. దానికి 12 వోల్టులని 5 చేసిచ్చే చవక కన్వర్టర్ ఇంకో పీడ. దాని రొద ఏఐఎస్, వీహెచ్‌ఎఫ్‌ల చెవులు మూస్తుంది. ఎల్‌ఈడీ దీపాలతోనూ ఇదే గొడవ ఉందని అమెరికా కోస్ట్‌గార్డ్ 2018లో హెచ్చరిక జారీ చేసింది. పరీక్ష తేలిక. సద్దులేని ఛానల్ పెట్టి, గరగర వినిపించి ఆగే చోటికి స్క్వెల్చ్ (గరగరని ఆపే మీట) తిప్పండి. ఇప్పుడు దీపాలు, కన్వర్టర్లు ఒక్కొక్కటే వేయండి. దేన్ని వేయగానే గరగర మళ్ళీ మొదలైందో అదే దోషి.

ఎదుటివాళ్ళ మాటలోనూ బలముంది

నా వాదనకి గట్టి జవాబు ఒకటుంది. విడివిడిగా తీగలు లాగితే అతుకులు పెరుగుతాయి. స్క్రూతో బిగించే కనెక్టర్ స్ట్రిప్‌లో రాగి తీగ ఉప్పుగాలికి రెండేళ్ళలో పచ్చబడుతుంది. అచ్చుపోసిన 2000 కనెక్టర్ దానికంటే ఎన్నో రెట్లు నయం. ఇది కాదనలేను. అందుకే నేను 0183ని ఒకటి రెండు చోట్లకే పరిమితం చేయమంటాను, అక్కడా తగరం పూత ఉన్న తీగ, నొక్కి బిగించే క్రింప్, జిగురు లోపలున్న హీట్‌ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వాడమంటాను. టంకం వద్దు. పడవ అదురుకి టంకం అంచు దగ్గర తీగ విరుగుతుంది.

రెండో జవాబు, ఇదంతా పోయినా చేతిలో టాబ్లెట్ ఉంది కదా అన్నది. ఉంది, మంచిదే, పూర్తిగా వేరుగా ఉన్నందుకే మంచిది. పడవ వైఫై మీంచి స్థానం తీసుకునేలా పెట్టారంటే ఆ వేరుతనం పోయినట్టే. టాబ్లెట్ సొంత జీపీఎస్‌నే వాడనివ్వండి.

మూడోది నన్ను నిజంగా ఆలోచనలో పడేసేది. ఎంత బాగా కలిపినా, విడదీసినా, చూసేవాడు చూడకపోతే ఏం లాభం? 2014 నవంబర్ 29న వోల్వో ఓషన్ రేస్‌లో టీమ్ వెస్టాస్ విండ్ పడవ మారిషస్‌కి ఈశాన్యాన కార్గాడోస్ కరాజోస్ దిబ్బల మీదికి ఎక్కేసింది. పరికరాలు పాడవలేదు. ఎలక్ట్రానిక్ చార్టుని దగ్గరికి లాగి చూడకపోవడంతో ఆ దిబ్బలు కళ్ళకి ఆనలేదు. మనుషులంతా బతికి బయటపడ్డారు. ఈ ఉదంతం చెప్పి, వైరింగ్ గురించి ఇంత రాద్ధాంతం దేనికని అడిగేవాళ్ళకి నా దగ్గర సగం జవాబే ఉంది. లోతు డయల్ తెరకి వేరుగా కళ్ళెదుట ఉంటే కనీసం ఇంకో సాక్షి ఉన్నట్టు. సముద్రం మధ్యలోంచి నిటారుగా లేచే దిబ్బ దగ్గర ఆ సాక్షి కూడా ఆలస్యంగానే చెబుతాడని నాకూ తెలుసు.

ఇంకోవైపు, ఏమీ వద్దనేవాళ్ళూ ఉన్నారు. ఒంటరిగా ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేస్‌లో జీపీఎస్ చూడకూడదన్నది నియమం. సూర్యుడు, చుక్కల ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్‌తో దారి కట్టి మన నావికుడు అభిలాష్ టామీ ఆ రేసులో రెండో స్థానంలో నిలిచాడు. ఆ విద్యకి దండం పెడతాను గానీ, వారాంతంలో పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళే పడవకి ఆ లెక్క పెట్టను.

ఎక్కడికి వెళ్తున్నామన్నదీ చూడాలి. 2017 సెప్టెంబర్ నుంచి 2018 మే దాకా నౌకాదళం ఆరుగురు మహిళల్ని ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ మీద ప్రపంచం చుట్టి రమ్మని పంపింది. అందులో విశాఖకి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కి చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. న్యూజిలాండ్‌లోని లిటెల్టన్ నుంచి ఫాక్‌లాండ్స్‌లోని పోర్ట్ స్టాన్లీ దాకా వాళ్ళు దాటిన దారిలో ఐదు పిన్నుల కనెక్టర్ అమ్మే కొట్టు ఒక్కటి కూడా లేదు. రేవు నుంచి రేవుకి ఆరు గంటల ప్రయాణం చేసేవాళ్ళకి నేను చెప్పినవన్నీ అక్కర్లేకపోవచ్చు. అయినా రేడియో, లోతు విషయంలో మాత్రం తగ్గను.

బ్రేకర్ పరీక్ష

కాగితం మీద పడవ గీసి, ప్రతి తీగకీ రెండు కొసలా నంబరు చీటీ అంటించి, బొమ్మలో అదే నంబరు వేయండి. ఒక డబ్బాలో ఆడ, మగ టర్మినేటర్లు ఒక్కోటి, టీ ఒకటి, రెండు మీటర్ల డ్రాప్ కేబుల్, 3 ఆంపియర్ల ఫ్యూజులు నాలుగు, మల్టీమీటర్ పెట్టండి. ఈథర్నెట్ మీద నడిచే వన్‌నెట్ ప్రమాణం 2020లో వచ్చింది. రేపు మీ పడవలో అదే ఉన్నా ఈ పరీక్ష మారదు.

రేవులో కట్టేసి ఉండగా అన్నీ వేయండి. ప్యానెల్‌లో ఒక్కో బ్రేకర్ ఆపి, ఏవేవి ఆగాయో రాసుకోండి. ఆపిన ప్రతిసారీ నాలుగు ప్రశ్నలు: లోతు కనబడుతోందా, రేడియోలో స్థానం కదులుతోందా, ఆటోపైలట్ దిశ పట్టుకుందా, ఏఐఎస్‌లో ఓడలు వస్తున్నాయా. ప్లాటర్ బ్రేకర్ ఆపినప్పుడు నాలుగింటికీ అవుననే రావాలి. బస్సు బ్రేకర్ ఆపినప్పుడు రేడియోకి, కనీసం ఒక లోతు డయల్‌కి అవునని రావాలి. తర్వాత బ్రేకర్లన్నీ వేసి, ప్లాటర్‌ని తెర మీది బటన్‌తో ఆపి మళ్ళీ చూడండి. బ్రేకర్ ఆపితే బయటపడని ముడులు కొన్ని అప్పుడు బయటపడతాయి. కొన్ని ప్లాటర్లు నిద్రపోతూ కూడా 0183 పోర్టు తెరిచే ఉంచుతాయి, కొన్ని మూసేస్తాయి. రాసిన కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేసి ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించండి, తేదీతో సహా. కొత్త పరికరం తగిలించిన ప్రతిసారీ ఆ కాగితం చించి మళ్ళీ రాయాలి.